గద్వాల గింజ, వాజేడు చేను

సెప్టెంబరులో పత్తి విత్తనాలు ఎవరూ కొనరు. విత్తనాల కంపెనీలో రీజినల్ సేల్స్ మేనేజరుకు ఏడాదిలో కాస్త ఊపిరాడేది అప్పుడే. మే, జూన్ నెలల్లో ఫోను చెవి దగ్గర నుంచి కదలదు. ఏ డీలరు దగ్గర ఎన్ని ప్యాకెట్లున్నాయి, ఎక్కడ సరుకు అయిపోయింది, ఎక్కడ కదలకుండా పడి ఉంది, పక్క కంపెనీవాళ్లు ఏం స్కీము పెట్టారు, వాన పడిందా లేదా! జులైలో మిగిలిన సరుకు వెనక్కి తెప్పించుకోవడం, ఆగస్టులో బాకీల వసూలు. అవి ఒక కొలిక్కి వచ్చాక చేలు చూడ్డానికి బయల్దేరతాను.

నా ప్రాంతం జనగామ నుంచి గోదావరి అవతలి ఒడ్డు దాకా. ఈసారి మాత్రం దానికి పూర్తిగా ఎదురు దిక్కున, గద్వాల నుంచి మొదలుపెట్టాను. మేం అమ్మే పత్తి విత్తనంలో ఎక్కువ భాగం పుట్టేది అక్కడే. కంపెనీల్లో పండించే విభాగం వేరు, అమ్మే విభాగం వేరు. ప్రొడక్షన్ వాళ్లు వరంగల్ రారు, సేల్స్ వాళ్లు గద్వాల పోరు. గింజ ఒక్కటే ఆ దారంతా ప్రయాణం చేస్తుంది. ఓసారి దాని వెంట నడిచి చూడాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

హైదరాబాదు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట వదిలేసి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డలో అడుగుపెట్టినట్టే. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ చిక్కిన నేల ఇది. పైన జూరాల గేట్లు ఎత్తారేమో, వంతెన కింద ఏరు ఎర్రగా, నిండుగా పారుతోంది. ఒడ్డున ఉన్న ఆంజనేయుడికి మా డ్రైవరు బండిలోంచే దండం పెట్టాడు. నేనూ పెట్టాను. అమ్మకాల ఉద్యోగంలో నాస్తికులు తక్కువ. ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరిగాం.

గద్వాల అంటే అందరికీ చీర గుర్తొస్తుంది, మా వ్యాపారంలో ఉన్నవాళ్లకు క్రాసింగు, అంటే రెండు రకాలను చేత్తో కలిపి హైబ్రిడ్ గింజ పుట్టించే పని, గుర్తొస్తుంది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హెచ్-4 పేరుతో ఒక పత్తి హైబ్రిడ్ విడుదల చేశారు. వ్యాపార స్థాయిలో సాగైన పత్తి హైబ్రిడ్లలో ప్రపంచంలో అదే మొదటిది. అక్కడి నుంచి మన దేశం పత్తిలో హైబ్రిడ్ల దారి పట్టింది. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా వంటి చోట్ల ఇప్పటికీ ఎక్కువగా సూటిరకాలే వేస్తారు. పువ్వు పువ్వునూ వేళ్లతో పట్టుకుని పుప్పొడి రుద్దే కూలీలు అక్కడ దొరకరు, దొరికినా ఆ కూలి గిట్టుబాటు కాదు. ఇక్కడ దొరికారు. 2002లో కాయతొలిచే పురుగును తట్టుకునే బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు అదీ హైబ్రిడ్ల లోపలే వచ్చింది. హైబ్రిడ్ చేలో తీసిన గింజను మరుసటేడు విత్తితే ఒక్కో మొక్క ఒక్కో తీరున మొలుస్తుంది, తొలి ఏడు కాసినట్టు కాయదు. కాబట్టి రైతు ఏటా దుకాణానికి రావాల్సిందే. నా ఉద్యోగం నిలబడింది ఈ ఒక్క సంగతి మీద.

అయిజ రోడ్డులో ఒక ఊరి బయట చేను దగ్గర ఆగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పదిమందికి పైగా ఆడవాళ్లు సాళ్లలో వంగి ఉన్నారు. మామూలు పత్తి చేను కంటే ఇక్కడ సాళ్లు ఎడం, మనిషి మెసలడానికి వీలుగా. ఒకామె ఆకుల నడుమ వెతికి ఒక మొగ్గను పట్టుకుంది. రేపు పొద్దున విచ్చుకునేది అదేనని ఎలా తెలుస్తుందని అడిగాను.

"చూస్తే తెలుస్తది సారూ, ఏముంది దాంట్ల. రేపటిది ఇయ్యాల ఉబ్బుతది."

బొటనవేలి గోరు మొగ్గ అడుగున గుచ్చి చుట్టూ తిప్పింది. రేకలూ, పుప్పొడి తిత్తులూ ఒక్క తొడుగులా ఊడొచ్చాయి. మధ్యలో కీలాగ్రం సన్నగా, లేతగా నిలబడింది. దాని పక్కన ఎర్ర కాగితం ముక్క ఆనవాలుగా పెట్టి తర్వాతి మొగ్గకు పోయింది. నేను ఒక మాట అడిగి ఆమె జవాబు చెప్పేలోపు నాలుగు మొగ్గలయ్యాయి. గోరు లోతుగా దిగితే అండాశయం చెడి పిందె రాలిపోతుంది. పైపైన గిల్లితే పుప్పొడి తిత్తి ఒకటో రెండో మిగిలి, పువ్వు తనను తానే ఫలదీకరించుకుంటుంది. అది హైబ్రిడ్ కాదు, వట్టి సెల్ఫ్. అలాంటి గింజలు ఎక్కువైతే ఆ సంచులన్నీ పనికిరావు. పనిలో పనిగా, నిన్న తప్పించుకుని విచ్చుకున్న పూలు కనిపిస్తే అవీ తుంచి పారేయాలి.

మర్నాడు పొద్దున ఎనిమిది ప్రాంతంలో మళ్లీ అదే చేనుకు వెళ్లాను. చేనుకు ఓ పక్కగా వేసిన మగ సాళ్లలో పూలు కోసి గంపలోకి ఎత్తుకున్నారు. ఒక మగ పువ్వు నాలుగైదు ఆడ మొగ్గలకు వస్తుంది. ఎర్ర కాగితం కనిపించిన ప్రతిచోటా ఆగి, మగ పువ్వును కీలాగ్రానికి నెమ్మదిగా రుద్ది, దారం కట్టి పోతారు. ఎండ ముదిరితే పుప్పొడి సత్తువ పోతుంది, అందుకే పొద్దుటి మూడు నాలుగు గంటల్లోనే ఇది అయిపోవాలి. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి, సాయంత్రం మళ్లీ గిల్లుడు. క్రాసింగు కాలమంతా, రెండు నెలలకు పైగా, రోజూ ఇదే. వాన పడిన పొద్దు పని పాడు, కూలి మాత్రం తప్పదు.

1990ల్లోనూ, ఆ తర్వాత కొన్నేళ్లూ ఈ సాళ్లలో బడికి పోవాల్సిన ఆడపిల్లలు కనిపించేవాళ్లు. ఎత్తు తక్కువ కాబట్టి వంగక్కర్లేదని, వేళ్లు సన్నమని, కూలి తక్కువని. ఎం.వి. ఫౌండేషన్ వంటి సంస్థలు గట్టిగా పట్టుకోవడం, విదేశీ కంపెనీలకు పరువు సమస్య కావడం, ప్రభుత్వం కదలడం, అన్నీ కలిసి ఆ సంఖ్య బాగా తగ్గింది. నేను చూసిన చేలో పిల్లలు లేరు. అంతమాత్రాన ఏ చేలోనూ లేరని రాయను.

చేను గలాయన మొదటి రోజు సాయంత్రమే గట్టు మీద కనిపించాడు. నేను ఫలానా కంపెనీ అనగానే ప్రొడక్షన్ సారు అనుకుని లెక్కల సంగతి ఎత్తబోయాడు. కాదన్నా, నేను అమ్మేవాణ్ని, అటు వరంగల్ దిక్కు, అన్నాను. ఒక్క క్షణం నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ దిక్కు పోతదా మాది? పోయినేడుది మంచిగ మొలిచిందా సారూ?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ ప్రశ్న నన్ను డీలర్లు అడిగారు, బాసులు అడిగారు, వ్యవసాయాధికారులు అడిగారు. పండించినవాడు అడగడం అదే మొదలు. బాగానే మొలిచిందన్నాను. తృప్తిగా తలాడించి, ఆ తర్వాత తన బాధ చెప్పుకొచ్చాడు.

ఆ బాధ చాలావరకు కాగితాలది. కంపెనీకీ రైతుకూ నేరుగా సంబంధం ఉండదు. నడుమ ఆర్గనైజరు. తల్లి విత్తనం ఇచ్చేది, ఎన్నెకరాలు వేయాలో చెప్పేది, కూలీలకూ మందులకూ డబ్బు సర్దేది ఆయనే. ఆ డబ్బుకు నూటికి రెండు రూపాయల మిత్తి. డిసెంబరు, జనవరి నాటికి పత్తి ఏరి, జిన్నింగు చేయించి గింజ అప్పగిస్తారు. అప్పగించినంత మాత్రాన డబ్బు రాదు. ప్రతి లాటు నుంచీ కొంత గింజ తీసి వేరేచోట విత్తి, మొక్కలు పెరిగాక ఒక్కొక్కటీ చూసి, నిజమైన హైబ్రిడ్లెన్ని, సెల్ఫులెన్ని అని లెక్కపెడతారు. జీవోటీ అంటారు దాన్ని. హైబ్రిడ్ పత్తి విత్తనానికి జన్యు స్వచ్ఛత నూటికి 90 ఉండాలి. ఆ ఫలితం వచ్చేసరికి ఎండాకాలం. పాసైతే డబ్బు, అందులోంచి అప్పూ మిత్తీ పోను మిగిలింది. ఫెయిలైతే గింజ నాశనం చేస్తారు, రైతుకు అప్పు మిగులుతుంది.

"ఫెయిలైందని వాళ్లు చెప్తే మేం వినాలె. మా గింజ మాకు చూపియ్యరు" అన్నాడు.

నేను సేల్స్‌వాణ్ని, జీవోటీ నా చేతిలో లేదు అని అనొచ్చు. అన్నాను కూడా. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మా కంపెనీలన్నింటిలోనూ ఫలితాలు రైతు ముందు తేల్చే ఏర్పాటు బలహీనంగానే ఉంది. ఏడాది కష్టానికి మార్కులు వేసేవాళ్లు ఆ మార్కుల కాగితం ఇవ్వడానికి ఎందుకు వెనకాడాలో నాకిప్పటికీ అర్థం కాదు. ఆ రాత్రి గద్వాలలో జొన్నరొట్టె, గుంటూరు వాళ్లు కూడా నీళ్లు తాగాల్సినంత కారం పచ్చడి. మర్నాడు క్రాసింగు చూసుకుని మధ్యాహ్నానికి తిరుగుదారి పట్టాం.

గింజ తర్వాతి మజిలీ హైదరాబాదు అవతలి మేడ్చల్ రోడ్డు. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. కొంపల్లి దాటాక రెండు పక్కలా పెద్ద పెద్ద షెడ్లు, గోడలకు విత్తనాల కంపెనీల పేర్లు. హైదరాబాదు చుట్టూ ఇన్ని కంపెనీలు పోగవడానికి కారణం గాలి. ఇక్కడి చలికాలపు పొడి గాలిలో గింజ ఆరుతుంది, నిల్వ ఉంటుంది. తీరప్రాంతపు చెమ్మలో అదే గింజ మొలక శక్తి త్వరగా పోతుంది. 1972 నుంచీ పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది, రాజేంద్రనగర్‌లో వరి పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడ చదివి బయటికొచ్చినవాళ్లలో చాలామంది ఈ రోడ్డులోనే తేలారు. 2019లో విత్తన పరీక్షల అంతర్జాతీయ సంస్థ ఇస్టా తన మహాసభలు హైదరాబాదులో పెట్టింది.

షెడ్డు లోపల గద్వాల గింజ రూపు మారిపోతుంది. గింజకు అంటుకున్న తెల్లటి నూగును సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కాల్చేస్తారు, కడుగుతారు, నీళ్లలో తేలిన తాలు తీసేస్తారు, ఆరబెట్టి మందు పట్టిస్తారు. నల్లగా, నున్నగా మారిన గింజకు రంగు వస్తుంది. ల్యాబులో నాలుగు వందల గింజలు లెక్కపెట్టి, నూరేసి చొప్పున మొలకకు పెడతారు. పత్తికి పన్నెండో రోజున తుది లెక్క. ఇవన్నీ దాటాక 475 గ్రాముల ప్యాకెట్టు. అందులో కొద్దిపాటి బీటీ కాని గింజ కూడా కలిసే ఉంటుంది. ఒకప్పుడు 450 గ్రాముల బీటీ ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం విడిగా ఇచ్చేవాళ్లం. చేను చుట్టూ వేయండి, పురుగు అక్కడ బతికితే బీటీకి త్వరగా అలవాటు పడదు అని చెప్పేవాళ్లం. పురుగును పెంచడానికి చోటు వదలమంటే ఏ రైతు వదులుతాడు? పొట్లాలు గట్ల మీద పడేవి. ఇప్పుడు గులాబీ రంగు పురుగు రెండో తరం బీటీ అయిన బీజీ-2ను లెక్కచేయడం లేదు. పొట్లాలు పారేయడం ఒక్కటే దానికి కారణం కాదు గానీ, అదీ ఒకటి.

తిరిగొచ్చిన సరుకు ఓ మూల అట్టపెట్టెల్లో ఉంది. మళ్లీ మొలక పరీక్షకు పోతుంది. నిలిస్తే కొత్త గడువు, లేకపోతే లేదు. బయటివాళ్లకు తెలియని సంగతేమిటంటే, మా వ్యాపారంలో డీలరుకు సరుకు దింపితే అది అమ్మకం కాదు, ప్లేస్‌మెంట్ మాత్రమే. సంక్రాంతి నుంచీ అడ్వాన్సులు, డిస్కౌంట్లు, థాయ్‌లాండ్ యాత్రల ఆశ చూపి డీలరు గోదాము నింపుతాం. రైతు ఇంటికి పోతేనే లెక్క. టార్గెట్ చేరాడని ఏప్రిల్‌లో చప్పట్లు కొట్టించుకున్న మేనేజరు ఆగస్టులో రిటర్నుల లారీ చూసి తల వంచుకోవడం ప్రతి కంపెనీలోనూ మామూలే.

వరంగల్. భువనగిరి గుట్ట, ఆలేరు, జనగామ, ఘన్‌పూర్ మీదుగా ఎన్నిసార్లు తిరిగినా ఈ దారి నాకు విసుగు పుట్టదు. పత్తి చేలు మొదలయ్యేచోటు, ఆగేచోటు, మళ్లీ మొదలయ్యేచోటు కళ్లు మూసుకుని చెప్పగలను. ఎనుమాముల మార్కెట్ పెద్దదనంలో ఆసియాలోనే రెండోదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. చలికాలంలో పత్తి, ఎండాకాలంలో మిర్చి. ఇప్పుడు మాత్రం ఖాళీ షెడ్లలో కుక్కలు పడుకున్నాయి. విత్తనాల దుకాణాల్లోనూ సందడి లేదు. డీలరుతో తీరిగ్గా మాట్లాడ్డానికి సరైన సమయం.

పాత డీలరు ఒకాయన ఉన్నాడు. తండ్రి కాలం నుంచీ ఇదే దుకాణం. చాయ్ తెప్పించి, రైతులు ఒక్కో కాలంలో ఒక్కో పేరు ఎలా పట్టుకుని వచ్చేవాళ్లో చెప్పాడు. ఒకప్పుడు బన్నీ, మల్లిక అడిగేవాళ్లు. తర్వాత జాదూ. ప్యాకెట్టు మీది బొమ్మ చూసి అడిగేవాళ్లు కొందరు, పక్క చేనాయన పారేసిన ఖాళీ కవరు జేబులో పెట్టుకుని వచ్చేవాళ్లు కొందరు. ధర మాట వచ్చింది. బీటీ వచ్చిన కొత్తలో ప్యాకెట్టు 1600 రూపాయల పైనే ఉండేది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎంఆర్‌టీపీ కమిషన్ దాకా వెళ్లి పోరాడాక 750కి దిగింది. ఆ తర్వాత 2015 చివర్లో కేంద్రమే ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 2025లో బీజీ-2 ప్యాకెట్టు గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు ప్యాకెట్లు.

"రైతు కొట్లాడేది ఆ తొమ్మిది వందల గురించి కాదు సార్" అన్నాడాయన. "మందు కట్టలు, కూలీలు, ఏరుడు, దాని ముందల ఇదెంత? విత్తనం తప్పయితే ఏడాదంత తప్పు. అందుకే భయం."

ఆయన చెప్పని సగం నేను చెబుతాను. వరంగల్ చుట్టుపక్కల చాలా ఊళ్లలో విత్తనం, ఎరువు, మందు మూడూ ఒకే దుకాణంలో ఉద్దెరకు వస్తాయి. పంట అమ్మాక లెక్క తేలుతుంది. ఉద్దెర ఇచ్చినవాడు ఏ ప్యాకెట్టు చేతిలో పెడితే రైతు అదే తీసుకుంటాడు. ఏ ప్యాకెట్టు మీద కమిషను ఎక్కువో డీలరుకు తెలుసు, దాన్ని ఎక్కువ చేసింది ఎవరో నాకు తెలుసు. క్రాప్ షోలు పెట్టి, జీపులకు మైకులు కట్టి రైతులకు చెప్పేదంతా చెప్పాక, చివరి మాట దుకాణం బల్ల దగ్గరే పడుతుంది.

ఆ బల్ల దగ్గర బిల్లు అడిగే రైతులు ఇంకా తక్కువ. ఉద్దెరకు తెచ్చుకునేవాడు బిల్లు ఎలా అడుగుతాడు? లాట్ నంబరు ఉన్న బిల్లు, ఖాళీ ప్యాకెట్టు దాచుకుంటేనే రేపు నష్టం వస్తే నిలబడేది. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, విత్తనాల చట్టం ఉన్నా సరే రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని తేల్చింది. ఆ తీర్పు దాకా తీసుకెళ్లినవాళ్లు మన తెలుగు రైతులే. ఈ మాట నేను రైతు సమావేశాల్లో చెబితే మా వాళ్లలో కొందరికి నచ్చదు.

ఆ దుకాణంలోనే ఇంకో మాట నడిచింది, గొంతు తగ్గించి. గడ్డి మందు తట్టుకునే పత్తి. ఊళ్లలో దాన్ని బీజీ-3 అంటారు. దేశంలో దానికి అనుమతి లేదు. అయినా సంచుల్లో, లూజుగా, బిల్లు లేకుండా వస్తుంది. పోలీసులు పట్టుకుంటారు, పీడీ యాక్టు పెడతారు, మళ్లీ వస్తుంది. కలుపు తీసే కూలి దొరక్క రైతు దాని వెంట పడుతున్నాడు. మొలక ఎంతో తెలియదు, లోపల ఏముందో తెలియదు, పోతే అడగడానికి మనిషి ఉండడు. తెలిసీ కొంటారు. కలుపుకు మేం చూపించిన దారి వేరే ఏముంది?

పాతకాలపు జ్ఞాపకం ఒకటి ఆ ఊరి డీలర్లు తమంతట తాము ఎత్తరు. 1997-98లో పొగాకు లద్దెపురుగు వరంగల్ జిల్లా పత్తిని తినేసింది. మందుల మీద మందులు కొట్టారు, పురుగు చావలేదు. రైతులు చనిపోయారు, చాలామంది. అప్పుల పుస్తకాలు ఇలాంటి దుకాణాల్లోనే ఉన్నాయి. ఆ రోజుల్లో దుకాణం మూసి ఊరు విడిచి వెళ్లిన వ్యాపారులూ ఉన్నారని ఆయన చాయ్ గ్లాసు వైపు చూస్తూ అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ములుగు దాటితే అడవి మొదలు. ఎడమవైపు రామప్పకు దారి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక బోర్డులు పెద్దవయ్యాయి. నాకు గుడి కంటే దాని పక్క చెరువు ఇష్టం. కాకతీయుల కాలంనాటి ఆ నీళ్ల కింద ఇప్పటికీ వరి పండుతోంది. ఆగలేదు. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన ఎక్కేసరికి గోదావరి ఈ చివర నుంచి ఆ చివర దాకా బురద రంగులో ఉంది. అవతల వాజేడు, వెంకటాపురం. మా కంపెనీ పటంలో ఇది చిట్టచివరి చుక్క.

గోదావరి వరద వదిలివెళ్లిన మన్నులో ఇక్కడ మిర్చి బాగా పండుతుంది. నారు నాటే పని చివరికొచ్చింది. 2021లో కొత్తగా వచ్చిన నల్ల తామర పురుగు పూతలోకి దూరి తోటలకు తోటలే ఊడ్చేశాక, చాలామంది మిర్చి తగ్గించి ఇతర పంటలకు మళ్లారు. కొందరు యాసంగిలో కంపెనీల కోసం మక్క విత్తనం పండిస్తారు. మగ సాళ్లు, ఆడ సాళ్లు, ఆడవాటి జల్లు విచ్చకముందే తీసేయడం. గద్వాల ఆర్గనైజర్ల కథే ఇక్కడ కూడా, పంట పేరు వేరు. పంట దెబ్బతిన్న ఏడు రైతులు రోడ్డెక్కడమూ జరిగింది.

నేను వచ్చింది ఒక ఫిర్యాదు మీద. వాజేడు దగ్గరి ఊళ్లో ఒక రైతు, జూన్‌లో వేసిన మా పత్తి సగం మొలవలేదని డీలరుకు చెప్పాడు. డీలరు నాకు చెప్పాడు, నేను మా అసిస్టెంటును పంపాను, అతను ఫోటోలు తీశాడు, నెలలు గడిచాయి. ఇప్పుడు చేను నిండుగానే ఉంది. నడుము ఎత్తు పెరిగి, కింద కాయలు, పైన పూత. ఆ రైతు కోయ పెద్దమనిషి, మూడెకరాలు. మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"ఇది రెండోసారి ఏసింది సారూ" అన్నాడు. "మొదటిది పోయింది."

సంగతి అర్థమైంది. మృగశిర మొదట్లో ఒక జల్లు పడింది. అందరూ విత్తారు. తర్వాత రెండు వారాలు ఎండ. అరవై, డెబ్బై మిల్లీమీటర్ల వాన పడి నేల లోతుగా తడిసేదాకా పత్తి పెట్టొద్దని విశ్వవిద్యాలయం వాళ్లూ చెబుతారు, మేమూ ప్యాకెట్టు మీద అచ్చు వేస్తాం. రోళ్లు పగిలే రోహిణి దాటాక పడ్డ మొదటి చినుకు చూసి ఆగమంటే ఎవరాగుతారు? పక్కాయన విత్తుతుంటే ఇంట్లో కూర్చోవడం చూసేవాళ్లకు తేలిక. లాట్ నంబరు అడిగాను. బిల్లు లేదు, ఖాళీ ప్యాకెట్టు మాత్రం వాసంలో గుచ్చి ఉంచాడు. అదే లాటు జనగామలో, పరకాలలో బాగా మొలిచింది. తప్పు గింజది కాదని చెప్పాను. ఆయన వాదించలేదు.

"మరి రెండోసారి గూడ మీదే కొన్న. డబ్బులు రెండుసార్లు ఇచ్చిన."

దీనికి నా దగ్గర జవాబు లేదు. మొదటి వాన మోసం చేసిన ఏడాది పత్తి విత్తనాల అమ్మకం పెరుగుతుంది. మా సమావేశాల్లో దాన్ని రీసోయింగ్ డిమాండ్ అంటారు, దానికి విడిగా స్టాకు ఉంచుకోమని మెయిళ్లు వస్తాయి. గద్వాలాయన గింజ ఫెయిలైతే ఆయనకు నష్టం. ఈయన గింజ మొలవకపోతే ఈయనకు నష్టం. నడుమ ఉన్న మాకు ఒకోసారి లాభం. వచ్చే ఏడాది మొలక పోయినవాళ్లకు రెండో ప్యాకెట్టు సగం ధరకు ఇవ్వాలని రాసి పంపాను. జవాబు రావాల్సి ఉంది.

చేలోకి దిగి నడిచాం. కాయలు చూశాడు, నేనూ చూశాను. ఒక కాయ కోసి చీల్చాను, పురుగు లేదు. మాటల్లో గద్వాల సంగతి వచ్చింది. ఈ ప్యాకెట్టులోని ఒక్కో గింజకూ ఒక మనిషి గోరు తగిలి ఉంటుందని చెప్పాను. ఆగి, చేతిలోని పువ్వును తిప్పి చూశాడు.

"గిట్ల ఒక్కొక్కటి గిల్లుతరా? రోజూనా? గీ గింజ ఏడ పండుతదో మాకేం తెల్వది. ఎంత ముడుతది వాళ్లకు?"

నాకు తెలిసినంత చెప్పాను. కాసేపు లెక్క వేసుకున్నాడు.

"మరి నడుమల గింత ఎవరు తింటరు?"

పరిశోధన, పరీక్షలు, యాసిడ్, ప్యాకింగు, లారీ, ఆర్గనైజరు, డీలరు కమిషను, వెనక్కొచ్చి పాడైన సరుకు, నా జీతం, నా బండి డీజిలు, వరసగా చెప్పాను. నా జీతం దగ్గర నవ్వాడు.

"వాళ్ల ఫోన్ నంబరుంటే ఇయ్యి సారూ. మేమే పోయి తెచ్చుకుంటం."

అలా కుదరదన్నాను. వాళ్లు ఒప్పందం రాసిచ్చారు, గింజ కంపెనీకే ఇవ్వాలి. పరీక్ష లేని, లేబులు లేని విత్తనం అమ్మడం నేరం. పైగా నూగు తీయని గింజతో నువ్వేం చేస్తావు?

"అంటే వాళ్లు నాకు అమ్మొద్దు, నేను వాళ్ల దగ్గర కొనొద్దు."

"అంతే."

"మంచిగనే ఉంది." మళ్లీ నవ్వాడు. బండి దాకా వచ్చి, డ్రైవరుకు ఓ సొరకాయ ఇచ్చాడు. వెంకటాపురం డీలరు బాకీ ఇంకా మిగిలే ఉంది, చీకటి పడకముందే చేరాలి. తలుపు వేసుకోబోతుంటే కిటికీ మీద చేయి పెట్టాడు.

"సరేగని సారూ, వచ్చే ఏడు ఆరు ప్యాకెట్లు నా పేరు మీద పక్కకు పెట్టియ్యి. మృగశిరల పోతే మీ డీలరు లేవంటడు. నేను వాన జూసి కొంట. బిల్లు గూడ రాసియ్యమను."

ఫోనులో ఆయన పేరు, ఊరు, ఆరు ప్యాకెట్లు, బిల్లు అని రాసుకున్నాను. పక్కన కూర్చున్న మా అసిస్టెంటు తొంగిచూసి, "సార్, ఇది ప్లేస్‌మెంటా, అమ్మకమా?" అన్నాడు.